బాపమ్మ చూసిన తీతువులు

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, బాపమ్మ బీరువ తీసేస్తున్నం, ఏమన్న కావాల్నంటే వచ్చి చూసుకో" అన్నాడు. వెళ్లాను. అడుగు అరలో, పాత చీరల మూట కింద, ముదురాకుపచ్చ ప్లాస్టిక్ కళ్లద్దాల జత ఒకటి దొరికింది. కంటి ఆపరేషన్ అయినవాళ్లకు ఒకప్పుడు దవాఖానలో ఇచ్చేవారే, చెంపల దాకా మూసేసేవి, అవి. వాటిని పెట్టుకుని మా నాయన తల్లి, అంటే మా బాపమ్మ, నలభై రోజులు ఇంటి ముందు గద్దె మీద కూర్చుంటే, పాలు పోసే మల్లయ్య "అవ్వా, మోటారు సైకిలెక్కడ పెట్టినవు?" అని రోజూ అడిగేవాడు. తమ్ముడి మనవరాలు వాటిని చూసి, ఇవి ఎవరివి అని అడిగింది. బాపమ్మవి అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అవి ఎందుకు వచ్చాయో చెప్పాలంటే పక్షుల సంఘం సంగతి చెప్పాలి, ఆ సంగతి మొదలుపెడితే మధ్యలో ఆపలేను. పిల్ల వినేదాకా విని ఆడుకోవడానికి పోయింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా బాపుకు, అంటే నాయనకు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి ఉండేది. రైతులు తెచ్చిన మిరపకాయలను వ్యాపారులకు అమ్మించి కమీషన్ తీసుకునే దుకాణమన్నమాట. మిర్చి సీజన్లో బాపు సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే మేమందరం వరసగా తుమ్మేవాళ్లం. ఆయన అంగీ తీగ మీద ఆరేస్తే పక్కింటి వాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. మా ఇంటికి చుట్టాలొస్తే కళ్లనీళ్లు పెట్టుకోవడం ప్రేమ వల్లనో మిర్చి వల్లనో తెలిసేది కాదు. ఆ ఇంట్లో తుమ్మనిది బాపమ్మ ఒక్కతే. తెల్లవారుజామునే లేచి స్నానం చేసి, ఇత్తడి మరచెంబులో నీళ్లు పట్టుకుని గద్దె మీద కూర్చునేది. గేటు తీయకముందే వచ్చినవాళ్లెవరో చెప్పేది. "రాజయ్య వస్తాండు, కుడికాలు చెప్పు తెగినట్టుంది" అనేది. నిజంగానే రాజయ్య చెప్పు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. ఆమె తెలివికి మేము మురిసిపోయేవాళ్లం.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ప్రతి ఆదివారం పొద్దున ధర్మసాగర్ చెరువు దగ్గర పక్షుల పరిశీలన, నెలకోసారి ప్రసంగం, ఆసక్తి గలవారు జువాలజీ వేణు సారును కలవగలరు. నాకు పక్షుల మీద ఆసక్తి ఉండి వెళ్లానని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను. నిజం చెప్పాలంటే, ఆదివారం పొద్దున మా ఇంట్లో వారానికి సరిపడా పప్పూ బియ్యం ఏరే పని ఆడపిల్లలది. దాన్ని తప్పించుకోవడానికి పక్షులు కాకపోతే పాములైనా చూసేదాన్ని.

"ఆదివారం పొద్దుగాల చెరువు కట్ట మీద మొగపిల్లల నడుమ నీకేం పని?" అన్నాడు బాపు.

"పక్షులను చూస్తం."

"మన పెరట్ల కాకులున్నయి. చూడు."

అప్పుడు గద్దె మీద నుంచి బాపమ్మ అంది: "నేను పోత దానెంబడి."

బాపు ఆశ్చర్యపోయాడు. "గుడికే రిక్షాల పోతవు, నువ్వెట్ల పోతవే?"

"చెరువుకాడికి బస్సు పోతది గద."

ఆమె నా మీద ప్రేమతో అడ్డుపడిందనుకుని పొంగిపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మొహానికి చల్లగాలి తగలగానే, ఆమె అసలు సంగతి చెప్పింది. "మీ తాత పోయినంక గుడికి, చావులకు తప్ప నేను ఎటు పోలే, రమా. చావులల్ల కూడ ఎవ్వలు మంచిగ మాట్లాడరు."

సంఘంలో పదిమందిమి ఉండేవాళ్లం. వేణు సార్ అధ్యక్షుడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెదరని మనిషి. ఆయన దగ్గర పక్షుల ఇంగ్లీషు పుస్తకం ఒకటి, అట్ట వేసిన పెద్ద రిజిస్టర్ ఒకటి, డిపార్ట్‌మెంటుకు చెందిన బైనాక్యులర్స్ ఒకటి ఉండేవి. ఆ ఒక్క బైనాక్యులర్స్ చేతులు మారుతూ తిరిగేది, మనిషికి రెండు నిమిషాలు. ఆయన వాచీ చూసి "టైమ్" అనేవారు. చూసిన పక్షి పేరు ఇంగ్లీషులో చెప్పాలి, వీలైతే లాటిన్‌లో. మేము పుస్తకంలో వెతుక్కునేలోపు పక్షి ఎగిరిపోయేది.

రెండో పెద్దమనిషి గార్డు సాబ్. పేరు ఉస్మాన్, కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. కాజీపేట నుంచి నడిచే గూడ్సు బండ్లలో ముప్ఫై ఏళ్లు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వడానికి గూడ్సు బండిని ఏదో చిన్న స్టేషన్‌లో గంటల తరబడి పక్కన పెట్టేసేవారట. అందరి కన్నా వెనక పెట్టెలో ఒక్కడే కూర్చుని ఆయన ఇంకేం చేస్తారు, పక్షులను చూశారు. అందుకే ఆయనకు పక్షులన్నీ స్టేషన్ల వారీగా గుర్తు. "గీ లకుముకిపిట్ట సంగతి నాకెర్క సార్. కేసముద్రంల నాలుగు గంటలు నిలబెట్టిండ్రు, అప్పుడు దోస్తీ అయింది" అనేవారు. వేణు సార్ అదంతా ఓపిగ్గా విని, రిజిస్టర్‌లో మాత్రం లాటిన్ పేరు రాసుకునేవారు.

మొదటి ఆదివారం బాపమ్మ కట్ట మీద దుప్పటి పరుచుకుని, మరచెంబు పక్కన పెట్టుకుని, మా సంగతి పట్టనట్టే కూర్చుంది. కాసేపటికి, ఎవరితోనో కాదన్నట్టుగా, "ఎడమ దిక్కు తుమ్మల్ల జెముడుకాకి ఉన్నది, రెండు" అంది. మేము చూశాం. తుమ్మల గుబురులో రెండు జెముడుకాకులు దిగుతూ ఎక్కుతూ ఉన్నాయి. "ఆ గడ్డిల కౌజులు పోతాన్నయి. పిల్లలున్నట్టున్నయి." పోతున్నాయి, పిల్లలున్నాయి. గార్డు సాబ్ నెమ్మదిగా వెళ్లి ఆమె దుప్పటికి రెండు గజాల దూరంలో కూర్చున్నారు. ఆ రోజు నుంచి అది ఆయన జాగా అయింది. బాపమ్మ బయట వండినవి ముట్టదు కనుక ఆయన ప్రతి ఆదివారం జామకాయలో అరటిపండ్లో తెచ్చేవారు. ఆమె మా అమ్మ బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి తెచ్చేది. ఆయన తింటూ "అక్కా, జర ఉప్పు తక్కువైంది" అనేవారు. "పోయినసారి ఎక్కువైందంటివి గదా తమ్మీ" అనేది ఆమె. ఏడాది పాటు ఆ ఉప్పు ఎప్పుడూ సరిపోలేదు.

బైనాక్యులర్స్ బాపమ్మ వంతుకు వచ్చినప్పుడు ఆమె వద్దనేది కాదు. పూజకు కూర్చున్నట్టు వెన్ను నిటారుగా పెట్టి, రెండు చేతులా పట్టుకుని, పూర్తిగా రెండు నిమిషాలు చూసేది. ఏం కనిపిస్తున్నాయో చెప్పేది. ఆమె చెప్పినవి తెలుగు పేర్లు. వాటికి గార్డు సాబ్ స్టేషన్ పేరు కలిపేవారు, వేణు సార్ పుస్తకంలో వెతికి ఇంగ్లీషు చేసేవారు. రిజిస్టర్‌లో ఆ ఏడాది ఎక్కువ పక్షులు నమోదైంది బాపమ్మ పేరు మీదే. డిగ్రీ చదివే మాకు అది కాస్త చిన్నతనంగానే ఉండేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం, గాలికి దుమ్ము లేస్తోందని వేణు సార్ బైనాక్యులర్స్ అద్దాలకు మూతలు పెట్టారు. తర్వాత ఏదో మాటల్లో పడి, తీయకుండానే బాపమ్మ చేతికిచ్చారు. ఆమె ఎప్పటిలాగే నిటారుగా కూర్చుని కళ్లకు ఆనించుకుంది. ముందు రెండు నల్లటి మూతలు అలాగే ఉన్నాయి. నేను నోరు తెరవబోయాను. గార్డు సాబ్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

"తీతువులు, జంట" అంది బాపమ్మ. "ఒకటి గుడ్ల మీద కూసున్నది, లేస్తలేదు. రెండోది కుక్క మీదికి కొట్లాటకు పోతాంది."

వేణు సార్ తల వంచుకుని రాసుకున్నారు. గార్డు సాబ్ ఆమె చేతిలోంచి బైనాక్యులర్స్ తీసుకుని, చప్పుడు కాకుండా మూతలు తీసి చూశారు. తర్వాత నాకిచ్చారు. చెరువు అంచున గులకరాళ్ల మధ్య ఒక తీతువు కదలకుండా కూర్చుని ఉంది. ఇంకొకటి గొంతు చించుకుంటూ ఒక గోధుమరంగు కుక్క నెత్తి మీద చక్కర్లు కొడుతోంది.

తిరుగు బస్సులో గార్డు సాబ్ మా ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరగకుండానే అడిగారు. "అక్కా, ఎన్నొద్దులాయె?"

"ఏంది?"

"కండ్లు."

బాపమ్మ కిటికీ వైపు తిరిగింది. బస్సు రెండు ఊళ్లు దాటింది. "రెండేండ్లు కావస్తాంది" అంది చివరికి. "మొదలు పొగ లెక్క ఉండె. ఇప్పుడు వెల్తురు, చీకటి, గంతే. మా అక్కకు గిట్లనే పొరలొస్తే కోపిచ్చిన్రు. ఉన్న కన్ను పాయె." తర్వాత నా చేయి గట్టిగా పట్టుకుంది. "మీ బాపుకు చెప్పకు. చెప్తే నన్ను గద్దె దిగనియ్యడు. మన ఆదివారాలు పోతయి, ఇద్దరియి."

ఆ చివరి మాట ఆమె ఊరికే అనలేదు. నా గురించి ఆమెకు బాగా తెలుసు. నేను చెప్పలేదు. ముసలామెకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బియ్యంలో రాళ్లు ఏరడం తప్పించుకోవడానికి బాపమ్మ చూపును తాకట్టు పెట్టానని ఒప్పుకునే వయసు అప్పటికి రాలేదు. తర్వాతి రెండు నెలలూ గార్డు సాబ్ మాత్రం ప్రతి ఆదివారం "అక్కా, చెప్పినవా ఇంట్ల?" అని అడిగేవారు. ఆమె "ఉప్పు సరిపోయిందా?" అని మాట మార్చేది.

మూడో నెల ప్రసంగం బాపమ్మ చేత చెప్పించాలని అన్నది మా సభ్యులే. పక్షుల కూతల మీద. వేణు సార్ మొదట తటపటాయించారు కానీ, రిజిస్టర్ ఆమె వైపే ఉంది. జువాలజీ ల్యాబులో బల్లలు జరిపి కుర్చీలు వేశారు. ఫార్మలిన్ వాసనలో, సీసాల్లోని కప్పల మధ్య, బాపమ్మ గద్వాల చీర కట్టుకుని కూర్చుంది. బాపు కూడా ఆ రోజు అడ్తి మూసి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తన తల్లి కాలేజీలో మాట్లాడుతుందంటే ఆయనకు నవ్వూ గర్వమూ రెండూ ఆగడం లేదు.

ఆమె బాగా మాట్లాడింది. తీతువు మనిషిని చూస్తే ఒక తీరు, కుక్కను చూస్తే ఒక తీరు, పామును చూస్తే ఇంకొక తీరు అరుస్తుందని మూడూ అరిచి చూపించింది. పికిలిపిట్ట పొద్దున కూతకూ పొద్దుగూకే వేళ కూతకూ తేడా చెప్పింది. "కోయిల మంచిగ పాడుతదంటరు గని, అది మొగనిది. ఆడది కిక్ కిక్ అని కయ్యానికొచ్చినట్టు అరుస్తది. మన ఇండ్లల్ల లెక్కనే" అంటే అందరూ నవ్వారు. వేణు సార్ కూడా నవ్వారు. ఆ సంతోషంలోనే ఆయన లేచి అద్దాల అలమారా తెరిచి, దూది కూరి నిలబెట్టిన ఒక పక్షిని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టారు. "అమ్మా, దీని గురించి కూడా రెండు మాటలు చెప్పండి."

అది పాలపిట్ట. దసరా నాడు ఊరంతా జమ్మి దగ్గరికి పోయి, కనబడితే చాలని వెతికి మొక్కే పిట్ట. నీలం రెక్కలు ల్యాబు చివరి కుర్చీ దాకా మెరుస్తున్నాయి.

బాపమ్మ దాన్ని పట్టుకుని కూర్చుంది. వేళ్లతో తల తడిమింది, ముక్కు తడిమింది, వాసన చూసింది. "కాకి కన్న చిన్నది. గోరింక కన్న పెద్దది" అంది. ఆగింది. "సారూ, దీన్ని జర మాట్లాడియ్యి, చెప్త."

ల్యాబంతా నవ్వులు. చమత్కారమనుకున్నారు. బాపు నవ్వలేదు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. బాపమ్మ పక్షిని తిరిగి బల్ల మీద పెట్టబోయింది. బల్ల అంచుకు జానెడు ఇవతలే వదిలేసింది. అది కింద పడి ముక్కు విరిగింది. బాపు లేచి వెళ్లి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, అది పాలపిట్ట" అన్నాడు, మెల్లగా.

ఇంటికొచ్చాం. గడప దాటగానే బాపు అడిగాడు. "మొన్న దసరకు పాలపిట్ట అగో అంటే దండం పెడితివి గదనే."

"మీరు ఎటు మొక్కితే అటు మొక్కిన" అంది బాపమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "నీకెర్కనా?" తల ఊపాను. తిట్టలేదు. ఒక వారం రోజులు సాయంత్రం వచ్చాక మంచినీళ్లు నన్ను అడగలేదు, అమ్మను అడిగాడు. అంతే. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

బాపు ఎంత బతిమాలినా బాపమ్మ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. ఐదో రోజు గార్డు సాబ్ వచ్చారు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు. బాపమ్మ ఆయన అడుగుల చప్పుడు విని గేటు దాకా లేచి వెళ్లింది. అమ్మ చాయ్ తెచ్చింది. ఆయన సగం తాగి మొదలుపెట్టారు.

"అక్కా, నేను ముప్ఫై ఏండ్లు బండి ఎనక పెట్టెల కూసున్న. ముంగట డ్రైవర్ సిగ్నల్ చూసిండా, నిద్ర పోతాండా, నాకేం ఎర్కుండది. రోజు భయమే. రోజు కూసున్న. నా ఎడమ కన్ను కూడ కోయిపిచ్చుకున్నదే. నీకు చెప్పలే, భయపడుతవని."

"మా అక్కకు పోయింది తమ్మీ."

"ఒక్క కన్నే చేయించుకో. రెండోది నీ ఇష్టం. ఫికర్ చేయకు, నేను దవాఖానల బయట కూసుంట."

బాపమ్మ కాసేపు కొంగు అంచు నలిపింది. తర్వాత బాపు ఉన్న దిక్కుకు తిరిగి, "ఆదివారాలు బందు పెట్టొద్దు మరి" అంది. బాపు "పెట్టనే" అన్నాడు. 

ఆ రోజుల్లో కంటి ఆపరేషన్ అంటే తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి కదలకుండా పడుకోబెట్టేవారు. నేనే తోడున్నాను. గార్డు సాబ్ అన్న మాట ప్రకారం పొద్దునే వచ్చి కిటికీ అవతల బెంచీ మీద కూర్చునేవారు. ఆమె తల కదిలిస్తుందేమోనని, చెట్లలో ఏమేం ఉన్నాయో చెప్పమని పని పెట్టేవారు. మూడో రోజు బాపమ్మ నర్సును పిలిచి, "మీ వెంటిలేటర్ల ఊరపిచ్చుక పిల్లలు చేసింది బిడ్డా, నాలుగున్నట్టున్నయి, ఫ్యాను వెయ్యకున్రి" అని ఆర్డరు వేసింది. నర్సు స్టూలెక్కి చూసింది. నాలుగే ఉన్నాయి. వార్డంతా రెండు రోజులు ఉక్కపోతలో పడుకుంది.

కన్ను నిలిచింది. నలభై రోజుల ఆకుపచ్చ అద్దాలు పోయి, సీసా అడుగులాంటి మందపాటి అద్దాలు వచ్చాయి. వాటిలోంచి అన్నీ పెద్దగా, దగ్గరగా కనబడతాయని డాక్టర్ ముందే చెప్పాడు. బాపమ్మ చాయ్ గ్లాసుకు చేయి చాపితే గ్లాసు ఇంకా అవతల ఉండేది. గులకరాయి వస్తే గడప దాటినట్టు కాలెత్తి దాటేది. అవి వచ్చాక మొదటి ఆదివారం బస్సు దిగేసరికి గార్డు సాబ్ జామకాయల సంచితో నిలబడి ఉన్నారు. బాపమ్మ ఆయన ముందు ఆగి, తల పైకెత్తి, చాలాసేపు చూసింది.

"నీ గడ్డం ఎర్రగున్నదా?"

"ఏండ్ల సంది గోరింటాకు పెడుతాన్న అక్కా."

"ఎవ్వలు చెప్పలే నాకు" అంది కోపంగా. "ఏడాది సంది తెల్ల గడ్డమాయినతోని కూసుంటాన్ననుకున్న."

కట్ట మీద తీతువును చూపించాను. పసుపు కాళ్లు, కళ్ల ముందు ఎర్రటి తోలు, నిలబడి మా వైపే చూస్తోంది. "గింతనా?" అంది బాపమ్మ. "గింత లొల్లి చేసేది గిదేనా?" ఆమె మనసులో అది నెమలి అంత ఉందట. ఆ ఉదయమంతా ఆమె కనబడ్డదాన్నల్లా గట్టిగా చెప్పింది, చాలా తప్పులు చెప్పింది. కొంగను చూసి గుడిసె అంది. రెండు నీటికాకులను చూసి బట్టలు ఆరేసిన్రంది. వేణు సార్ ఎంతో సంతోషంగా సరిదిద్దారు. ఏడాదిలో మొదటిసారి ఆయనకు ఆ అవకాశం వచ్చింది.

కానీ ఆయనకు ఒక బాధ పట్టుకుంది. ఏడాది రిజిస్టరంతా "చూసినవి" అని ఇంగ్లీషులో రాసిన గడిలో ఆమె చూడనివే ఉన్నాయి. సైన్సు మనిషి, ఉంచలేరు. కొట్టేయాలంటే చేయి రాదు. వారం పది రోజులు నలిగి, చివరికి రిజిస్టర్ తెచ్చి ఆమెనే అడిగారు.

"కొట్టెయ్యి సారూ, చూడలే గద" అంది బాపమ్మ తేలిగ్గా.

ఆయన కొట్టలేదు. స్కేలు పెట్టి ప్రతి పేజీలో ఒక కొత్త గీత గీసి, పైన "విన్నవి" అని రాసి, ఒక్కొక్కటే అందులోకి మార్చారు. నాకు తెలిసి ఆ రిజిస్టర్‌లో ఆయన రాసిన మొదటి తెలుగు మాట అదే. పాలపిట్ట ముక్కు కూడా ఆయనే జిగురుతో అంటించారు, కాస్త వంకరగా.

బాపమ్మ ఇంకో ఆరేళ్లు ఆదివారాలు వదల్లేదు. రెండో కన్ను చేయించుకోలేదు. ఒకటి చూడనీకి, ఒకటి విననీకి అనేది. ఆమె పోయిన రోజు గార్డు సాబ్ మా గేటు దగ్గర పొద్దంతా నిలబడ్డారు, లోపలికి రమ్మంటే రాలేదు. వేణు సార్ బదిలీ అయి వెళ్లాక సంఘం మెల్లగా చెదిరింది.

ఇప్పుడు ఊళ్లో కొత్త సంఘం ఉంది. సాఫ్ట్‌వేర్ పిల్లలు, డాక్టర్లు, బ్యాంకు వాళ్లు కార్లలో వస్తారు. మనిషికొక బైనాక్యులర్స్, కొందరికి నా చేయంత పొడుగు కెమెరాలు. ఫోను పైకెత్తి పట్టుకుంటే కూసే పక్షి పేరు అదే చెబుతుంది. ఎవరూ వాచీ చూసి "టైమ్" అనరు, ఎవరి వంతు కోసమూ ఎవరూ ఎదురుచూడరు. అందుకే కాబోలు, పక్కవాళ్లతో మాట్లాడటం కాస్త తక్కువే. అయినా వాళ్లంటే నాకు ఇష్టం. నన్ను ఆంటీ అంటారు, ఎక్కాల్సిన చోట చేయి ఇస్తారు, ఆడపిల్ల ఆదివారం ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. నా రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఇసుక సంచులు లేవు, వెంటిలేటర్ పిచ్చుకలూ లేవు. చెవులే కాస్త మందగించాయి. సన్న కూతలు పిల్లల ఫోన్లలో పేర్లుగా కనబడుతుంటాయి, నాకు వినబడవు.

మొన్న ఆదివారం వాళ్లతో ధర్మసాగర్ కట్ట మీదికి వెళ్లాను. నడక మొదలుపెట్టే ముందు స్వాతి అనే అమ్మాయి, ఈ సంఘానికి పెద్ద, అందరినీ నిలబెట్టి చెప్పింది. "ఐదు నిమిషాలు కండ్లు మూసుకుందం. ఎన్ని రకాలు వినబడుతయో లెక్కపెట్టుకోండి. ఫోన్లు జేబుల్లోనే." ఇరవై మంది చెరువు వైపు తిరిగి, బుద్ధిగా కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. నాకు పెద్దగా ఏమీ వినబడక, కాసేపటికి తెరిచాను. నీటి అంచు నుంచి ఒక గుడ్డికొంగ, పేరుకే గుడ్డిది, మెడ ముందుకు చాచి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ కట్ట ఎక్కి వస్తోంది. స్వాతి బూట్ల పక్క నుంచి నడిచింది. లక్షలు పోసి కొన్న కెమెరా కింద ఆగింది, ఒక పురుగును పట్టి మింగింది. ఇరవై మూసిన మొహాలను ఒకసారి తల తిప్పి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ఎవరికీ చెప్పలేదు.